ఉయ్యాల గుడ్డ వెలుగు

పెరుగు డబ్బా పనికిరాలేదు.

తేన్మొళి దాన్ని కడిగి, ఆరబెట్టి, అడుగు కోసి ఫ్లాష్ మూతికి తగిలించింది. ముందుగా తన ముఖానికే గురిపెట్టుకుని మీట నొక్కింది. మెరుపు కళ్లలో పొడిచింది. రెప్పలు గట్టిగా మూసుకున్నా లోపల ఒక ఆకుపచ్చ మచ్చ చాలాసేపు ఈదుతూనే ఉంది.

"యెట్ల ఉండాది?" అని మంచం మీంచి అడిగాడు ఆమె మొగుడు కార్తి.

"కండ్లలో కారం కొట్టినట్ల ఉండాది."

కార్తి ఎడమకాలికి మోకాలి దాకా పిండికట్టు. తిరుప్పూరులో ఒక పెండ్లి ఫొటోలు తీసి వస్తుంటే, వానకు తడిసిన రోడ్డు మీద మోపెడ్ జారింది. కెమెరాను గుండెకు హత్తుకుని పడ్డాడు కాబట్టి కెమెరాకు ఏమీ కాలేదు, కాలే విరిగింది. ఆ సంగతి చెప్పుకుని ఇంట్లో నవ్వుతూనే ఉన్నారు గానీ, ఆ నవ్వు వెనక అందరికీ ఒకటే దిగులు. ఒప్పుకున్న పని ఎవరు చేస్తారు?

ఒప్పుకున్నది మేట్టుపాళయం దారిలో, వక్కతోటల మధ్య ఉన్న చెల్లమ్మాళ్ గారింట్లో పని. ఆమె మునిమనవరాలికి చెవులు కుట్టే పండగ. తేన్మొళి రెండేళ్లుగా కార్తి వెంట తిరిగి దీపాలు పట్టుకున్నది, కెమెరా చేతికి తెలుసు. తొమ్మిదో తరగతిలో బడి ఆగిపోయినా, ఫ్లాష్ మీద ఇంగ్లీషులో ఉన్న గుర్తులన్నీ చదవలేకపోయినా, ఏ మీట ఎటు తిప్పితే ఏమవుతుందో వేళ్లకు గుర్తే. "నేను పోతా" అని తనే అంది. అన్నాకగాని భయం మొదలు కాలేదు.

భయానికి కారణం ఉంది. ఆ ఇంట్లో చెవులు దేవుడి గదిలోనే కుడతారు. కిటికీ మూసి, కరెంటు దీపం ఆర్పి, నూనె దీపపు కుందె వెలుగులోనే. బిడ్డ ఒంటి మీదికి వచ్చే తొలి బంగారం మొదట దీపాన్నే చూడాలని వాళ్ల ఆనవాయితీ. సరిగ్గా ఆ బంగారం చెవిలోకి దిగే క్షణంలో ఒక ఫొటో తీసి హాల్లో వరుసగా తగిలిస్తారు. మూడేళ్ల కిందట పెద్ద మునిమనవరాలికి కుడుతుంటే, ఎవరో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టాడు. చీకట్లో ఉన్న పసిబిడ్డ ఆ మెరుపుకు ఒక్కసారిగా ఎగిరిపడింది. కుట్టే కంసాలి ఆచారి చేతిలోని తీగ చెవిని పక్కకు లాగేసింది. చెవి తమ్మె చీలిపోయింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో మెరుపు మాటే ఎత్తకూడదు. పాప తల్లి చారులత బతిమాలి బతిమాలి ఒప్పించింది. చెల్లమ్మాళ్ ఫోనులో తేన్మొళితోనే చెప్పింది: "తీయి అమ్మిణీ. వొద్దనలేదు. కానీ నా పాప ఉలిక్కిపడకూడదు. పడిందంటే ఆ నెత్తురు నీ చేతిదే."

ఆ మాట తేన్మొళి చెవిలోంచి పోలేదు. ఆమె కొడుకు శబరికి ఇంకా ఏడాది నిండలేదు. పసిబిడ్డ ఉలికిపాటు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా? చేతులు రెండూ గాల్లోకి లేస్తాయి, వేళ్లు విచ్చుకుంటాయి, తల వెనక్కి పోతుంది. ఆ తల పోయే దారిలో సూది ఉంటే?

"కుళాయికి వేలు అడ్డం పెడితే నీళ్లు పొడుస్తాయి కదా," అన్నాడు కార్తి. "అదే నీళ్లు జల్లెడలో పోస్తే వానలాగా రాల్తాయి. వెలుతురు కూడా అంతే తేనూ. మూతి చిన్నది, అందుకే పొడుస్తాది. దాన్ని వెడల్పు చెయ్యాల."

"కెమెరా కడలో అమ్మేది ఉండాది కదా?"

"ఉండాది, కడలో. మన చేతిలో దుడ్డు యాడ ఉండాది?"

అందుకని ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఫ్లాష్ నెత్తికెక్కాయి. పాలకవరు కోసి తొడిగితే, దాని మీద అచ్చు వేసిన అక్షరాలు నీడలై గోడ మీద పడ్డాయి. "పాలు వేడి చేసి తాగమని గోడకు చెప్తాండావా?" అని కార్తి నవ్వాడు. పలచటి కాగితం పొరలు చుడితే కొంచెం మెత్తబడింది, కానీ నాలుగు మెరుపులకే వాడిపోయింది. చివరికి బట్టలు ఆరేసే ఇనపతీగ హ్యాంగరును వంచి వెడల్పాటి చట్రం చేసి, దాని మీద గుడ్డ కట్టింది. గుడ్డ అంటే శబరి ఉయ్యాల గుడ్డే. పాత నూలుపంచె. మధ్యలో చిరిగితే సగం ఉయ్యాలకే ఉంచి, మిగతా సగం తుడుచుకోవడానికి వాడుతున్నారు. ఉతికి ఉతికి మీగడ రంగుకు వచ్చింది, దూదిలా మెత్తబడింది. రెండు మడతలు వేసి రబ్బరుబ్యాండుతో బిగించింది.

ముఖానికి పెట్టుకుని నొక్కింది. పొడవలేదు. ఎవరో కిటికీ తెరిచి మూసినట్టు అనిపించింది.

"అద్దీ!" అన్నాడు కార్తి.

కానీ తేన్మొళికి సందేహం తీరలేదు. తనవి పెద్దకళ్లు. వచ్చేది మెరుపని తెలిసిన కళ్లు. తెలియని కళ్లకు ఎలా ఉంటుంది?

పక్కగదిలో శబరి నిద్రపోతున్నాడు. మధ్యాహ్నపు ఎండ రాకుండా కిటికీకి దుప్పటి కట్టి ఉంది, లోపల చీకటి. తేన్మొళి గడపలో నిలబడింది. తన బిడ్డ మీద కొట్టి చూడటమా? చూడకుండా ఇంకొకరి బిడ్డ మీద కొట్టడమా? రెండిటిలో ఏది పాపమో తేలలేదు. ఎంత దూరమో చేత్తో అంచనా వేసుకుని మీట నొక్కింది.

గది ఒక్కసారి తెల్లబడి మళ్లీ చీకటైంది. శబరి పెదవులు మాత్రం కదిలాయి, పాలు తాగుతున్నట్టు. చేతులు లేవలేదు. ఇంకోసారి నొక్కింది. వాడు అటు తిరిగి పడుకున్నాడు.

"ఏమే! ఏం చేస్తాండావే?"

పని నుంచి అప్పుడే వచ్చిన అత్త వీరమ్మాళ్ వెనకాల నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉంది.

"నిద్రపోయే బిడ్డ మొగంలో మెరుపు కొడతావా? తల్లివేనా నువ్వు? రేప్పొద్దున వాడి కండ్లకు ఏమన్నా అయితే?"

"అత్తా, వాడు లేవలేదు. అదే చూస్తాండా. ఆ పాప ఎగిరితే చెవి తెగుతాది అత్తా."

"వాళ్ల బిడ్డ చెవికి మన బిడ్డ కన్ను అడ్డమా?"

వీరమ్మాళ్ మనవడిని ఎత్తుకుని, కనురెప్పలు విప్పి చూసి, ఉప్పు తిప్పి పోసి, ఆ సాయంత్రమంతా కోడలితో మాట్లాడలేదు. కానీ వంటింట్లో ఆ చట్రాన్ని చూసినప్పుడు మాత్రం ఆగలేకపోయింది.

"ఈ పీలికనా నువ్వు ఆ ఇంటికి తీసుకపోయేది? మూత్రం మరకలు ఉండాయి చూడు. ఆ చెల్లమ్మాళ్ నాయుడమ్మ చూసిందంటే మన గురించి ఏమనుకుంటాది?"

అని పెట్టె తెరిచి, భర్త సుడలై పండగకు కట్టుకునే తెల్లపంచె తీసింది. నీలిమందు పెట్టి ఉతికి, గంజి వేసి, మడతపెట్టిన పంచె. రాత్రి కాపలా పనిలో ఉన్న సుడలైని అడగను కూడా అడగలేదు. కత్తెర పెట్టి ఒక కొస కోసేసింది. పొద్దున్నే లేచి తనే కూర్చుని చట్రానికి కుట్టింది. వంక లేని కుట్టు.

"ఇప్పుడు చూడు, కొంగ రెక్కలాగా ఉండాది," అంది. అది ఆమె రాజీ మాట. తేన్మొళికి కళ్లు చెమ్మగిల్లాయి. బస్సుకు వేళైపోతోంది. కొట్టి చూసుకోవడానికి సమయం లేదు. ఫ్లాష్‌కు దెబ్బ తగలకుండా ఆ పాత ఉయ్యాల గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని పరిగెత్తింది.

*

చెల్లమ్మాళ్ ఇంటి హాల్లో ఫొటోల వరుస ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఉంది. పాతవి నలుపు తెలుపు, తర్వాతవి రంగులవి. ప్రతి ఫొటోలోనూ ఒక బిడ్డ, మేనమామ ఒడి, ఆచారి వేళ్లు. చివర ఒక మేకు ఖాళీగా ఉంది. ఎవరూ చెప్పకుండానే తేన్మొళికి అర్థమైంది, అది చెవి చీలిన పిల్ల చోటని.

దేవుడి గది గడప దగ్గర ఆమె కాళ్లు ఆగాయి. తమలాంటి వాళ్లు ఇలాంటి ఇళ్లల్లో వాకిలి దాకా, మహా అయితే హాలు దాకా. లోపల పీట మీద కూర్చున్న చెల్లమ్మాళ్ చూపు ఆమె పాదాల మీద ఒక్క క్షణం నిలిచింది.

"రా అక్కా, లోపలికి రా," అని చారులత చెయ్యి పట్టి లాగింది.

లోపల సాంబ్రాణి పొగ. కిటికీ మూశారు, కుందె వెలిగించారు. పాప మేనమామ సెంథిల్‌కుమార్ ఒక పెద్ద మనిషి, పీట సరిపోనంత మనిషి. కొత్తచొక్కా చంకల్లో అప్పుడే తడిసిపోయింది.

"మామకు చెమట చూడు," అన్నాడు ముసలి ఆచారి చందనం అరగదీస్తూ. "నీకు కుట్టినప్పుడు మా నాయన వేలు కొరికినావు, జ్ఞాపకం ఉండాదా?"

"నాకు జ్ఞాపకం లేదుంగ. మీ నాయనకు ఉండేది కదా, ఊరంతా చెప్పినాడు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో తేన్మొళి ఒక పరీక్ష ఫొటో తీసుకుందామని, తల్లి ఒళ్లో ఉన్న పాప వైపు తిప్పి నొక్కింది. పాప ఉలిక్కిపడలేదు. ప్రాణం కుదుటపడి కెమెరా తెర వైపు చూసింది.

పాప ముఖం నీలంగా ఉంది.

పెదవులు, చెంపలు, చిన్నచిన్న వేళ్లు, అన్నిటి మీదా నీలి ఛాయ. ఊపిరి ఆడని బిడ్డలా ఉంది. తేన్మొళి తల ఎత్తి నిజంగా పాపనే చూసింది. పాప బంగారంలా ఉంది, బొటనవేలు చీకుతోంది. భుజం మీంచి వంగి తెర చూసిన చారులత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఏంది అక్కా ఇది... పాప ఇట్ల..."

"ఏమి?" అంది పీట మీంచి చెల్లమ్మాళ్.

"ఏమీ లేదవ్వా," అంది చారులత.

"ఏమీ లేకుంటే నీ గొంతు ఎందుకు అట్ల పోయింది?"

ఈ ఫొటో ఆ ముసలావిడ చూస్తే ఇంకేమన్నా ఉందా? కెమెరాలో రంగు మార్చే కిటుకేదో ఉంది, కార్తి చేస్తాడు, ఆమెకు రాదు. ఫోను సంచిలో, సంచి గడప అవతల. "ముహూర్తం దగ్గర పడింది, సీక్రం," అంటున్నాడు ఆచారి. తేన్మొళి ఆ నీలాన్నే చూస్తూ నిలబడింది. ఆ నీలం తనకు కొత్తది కాదు. ఎక్కడో చూసింది. ఎక్కడ?

అత్త గోళ్లలో.

పంచె తెల్లగా కనిపించాలని వీరమ్మాళ్ గోళ్ల సందుల్లో నిలిచిపోయేటంత నీలిమందు కలుపుతుంది. ఎండలో కొంగ రెక్కలా మెరిసే ఆ తెలుపులోంచి వెలుగు దూరి వచ్చేటప్పుడు నీలాన్ని కూడా వెంటబెట్టుకు వస్తోంది.

"ఒక్క నిమిషంగమ్మా," అని తేన్మొళి గడప దాటి సంచి దగ్గరికి పరిగెత్తింది. అత్త కుట్టిన కుట్టు అంత గట్టిగా ఉండకపోతే బాగుండేది. వేళ్లతో తెగలేదు, పళ్లతో కొరికింది. దారం చిగుళ్లను కోసింది. పంచె ముక్కను సంచిలో కుక్కి, ఉయ్యాల గుడ్డను రెండు మడతలు వేసి చట్రానికి లాగి కట్టింది. రబ్బరుబ్యాండు ఒక్కటే ఉంది. ఒక కొస వదులుగా వేలాడుతోంది. మూత్రపు మరక పైకి రాకుండా తిప్పాలని చూసింది. ఎటు తిప్పినా ఏదో ఒక మరక.

తిరిగి వచ్చేసరికి పాప మేనమామ ఒళ్లో ఉంది. ఆచారి చెవి తమ్మె మీద చందనం చుక్క పెట్టి, బంగారు తీగను దీపానికి చూపించాడు. చెల్లమ్మాళ్ లేచి వచ్చి పాప తలను రెండు చేతులతో పట్టుకుంది. తేన్మొళి మోకాళ్ల మీద కూర్చుంది. మళ్లీ పరీక్షించే వేళ లేదు. ఉన్నది ఒక్కటే. శబరి లేవలేదు. వాడు లేవలేదు కాబట్టి ఈ పాప కూడా ఉలిక్కిపడదు. స్వామీ, పడకూడదు.

తీగ మొన చందనం చుక్కను తాకగానే తేన్మొళి మీట నొక్కింది.

పాప చేతులు లేవలేదు.

ఆ తర్వాతే నొప్పి తెలిసి, నోరంతా తెరిచి కేక పెట్టింది. ఆచారి అప్పటికే తీగను మెలిపెట్టేశాడు. చెల్లమ్మాళ్ వంగి చెవిని చూసింది. చందనం, దాని మధ్య బంగారం, ఒక చిన్న నెత్తురు బొట్టు. అంతే. ఆమె తేన్మొళి వైపు తిరిగింది.

"ఏమమ్మిణీ, ఎందుకు తీయలేదు? భయపడినావా?"

"తీసినానుంగమ్మా."

"ఎప్పుడు? నేను ఇక్కడే ఉండాను కదా. మెరుపే రాలేదే."

తేన్మొళి కెమెరా ముందుకు చాపింది. తెర మీద పాప ముఖం దీపం రంగులోనే ఉంది, మీగడ తేలిన పాలలా. చెవి దగ్గర బంగారం ఒక చుక్కలా వెలుగుతోంది. చెల్లమ్మాళ్ చాలాసేపు చూసింది. తర్వాత ఆమె చూపు మెల్లగా ఫ్లాష్ మీదికి, వేలాడుతున్న గుడ్డ కొస మీదికి, దాని మీది మరక మీదికి వెళ్లింది.

"ఇది ఏం గుడ్డ?"

కొత్త గుడ్డే అనొచ్చు. కెమెరాతో వచ్చిందే అనొచ్చు. ఎదురుగా కుందె వెలుగుతోంది.

"నా కొడుకు తూళి గుడ్డంగమ్మా. ఉయ్యాల గుడ్డ."

సెంథిల్‌కుమార్ ఒళ్లో పాపను సర్దుకున్నాడు. ఆచారి తల వంచుకుని రెండో తీగను ఊరికే తుడవసాగాడు. దేవుడి గదిలో, తొలి బంగారం దగ్గర, ఎవరి బిడ్డ గుడ్డ, ఎక్కడి గుడ్డ అనేది అక్కడున్న అందరికీ తెలుసు. చారులత ఏదో అనబోతే ముసలావిడ చేయెత్తి ఆపింది.

"వాడు దీంట్లోనే పండుకుంటాడా?"

"ఆమాంగమ్మా. వాడి ఉయ్యాల గుడ్డలో సగం ఇది."

"మెరుపు కొడితే పాప ఎగరదని నీకెట్ల తెలిసింది?"

తేన్మొళి తల దించుకుంది. అత్త గొంతు మళ్లీ వినిపించినట్టయింది. తల్లివేనా నువ్వు?

"వాడు నిద్రపోతాంటే వాడి మీద కొట్టి చూసినానుంగ. వాడు లేవలేదు."

పాప ఏడుపు తగ్గి, మేనమామ బొత్తాము పట్టుకుని లాగుతోంది. కుందెలో వత్తి చిటపటమంది. తేన్మొళి గుడ్డను విప్పేయడానికి రబ్బరుబ్యాండు కింద వేలు పెట్టింది.

"ఉండనీ," అంది చెల్లమ్మాళ్. "ఇంకా రెండో చెవి ఉండాది. విప్పొద్దు."

రెండో చెవి మొదటిదానిలా కాలేదు. ఆచారి వేళ్లు దగ్గరికి రాగానే పాపకు తెలిసిపోయింది. కాళ్లు తన్నింది, విల్లులా వంగింది. "పట్టుకోయ్, నీకన్నా బలం ఉండాది దీనికి," అని ఆచారి అరిచాడు. ఆ గొడవలో ఎవరిదో మోచెయ్యి తగిలి చట్రం కదిలింది. గుడ్డ ఒక పక్కకు జారి, ఫ్లాష్ గాజు సగం బయటపడింది. తేన్మొళికి రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయి. వదిలితే క్షణం పోతుంది. వదలకుండా నొక్కితే ఆ వట్టి మెరుపు నేరుగా పాప కంట్లోకి...

ముడతలు పడిన ఒక చెయ్యి వచ్చి గుడ్డ కొసను పట్టుకుంది. గాజు మీదికి లాగి, అలాగే పట్టుకుని ఉంది.

"ఊ," అంది చెల్లమ్మాళ్. "తీయి."

*

సాయంత్రం తేన్మొళి ఇంటికి వచ్చేసరికి వీరమ్మాళ్ వాకిట్లోనే ఉంది.

"పాప?"

"బాగుండాది అత్తా. రెండు చెవులూ బాగుండాయి."

"నా వేష్టి?" అంది వీరమ్మాళ్, పంచె ముక్క సంగతి ఎంతో తేలిగ్గా అడుగుతున్నట్టు. "వాళ్లు చూసినారా? ఏమన్నారు?"

పొద్దున కుందె ముందు పెదవి దాటని అబద్ధం ఇప్పుడు సునాయాసంగా వచ్చింది.

"కొంగ రెక్కలాగా ఉండాది అన్నారత్తా."

"నేను చెప్పలేదా?" అని వీరమ్మాళ్ లోపలికి వెళ్తూ, "మీ మామ అడిగితే మాత్రం ఎలుక కొరికిందని చెప్పు," అంది. మంచం మీద కార్తి, తెర చూస్తూ, పక్కున నవ్వి కాలు పట్టుకున్నాడు.

శబరి మగతగా గునుస్తున్నాడు. తేన్మొళి సంచిలోంచి ఆ పాత గుడ్డ తీసి వాడి పక్కన వేసింది. అది ఇప్పుడు సాంబ్రాణి వాసన, చందనం వాసన వేస్తోంది. తన గుడ్డ కాదనుకున్నాడో ఏమో, వాడు కళ్లు తెరిచి, ముక్కు చిట్లించి, దాన్ని గుప్పిట పట్టుకుని కాసేపు అనుమానంగా చూశాడు. వాడి చేతులు ఎగురుతాయేమోనని ఆమె చూస్తూ నిలబడింది.

ఎగరలేదు. గుడ్డ కొసను నోట్లో పెట్టుకుని, అటు తిరిగి పడుకున్నాడు.